నియాసినమైడ్ గొడవ వదిలేయండి, రెటినాల్ సంగతి చూడండి

నియాసినమైడ్ అనేవాళ్లున్నారు, నయాసినమైడ్ అనేవాళ్లున్నారు, నయసినమైడ్ అని గబగబా అనేసేవాళ్లున్నారు, చివర మైడ్ బదులు మిడ్ అని ఆపేసేవాళ్లూ ఉన్నారు, ఇంకొందరైతే "ఆ నియా... అదే, ఆ బీ3 సీరం" అని తప్పించుకుంటారు. మొహానికి రాసుకునే సీరంలలో కలిపే విటమిన్ బీ3 రూపం ఇది. స్కిన్‌కేర్ గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటుంటే ఈ మాట రాక తప్పదు, వచ్చాక ఎవరో ఒకరు సరిదిద్దక తప్పదు, ఆ సరిదిద్దినవాళ్లని మళ్లీ ఇంకొకరు సరిదిద్దుతారు, ఇక అక్కడితో ఆ సీరం అసలు మొహానికి ఏం చేస్తుంది, ఎవరికి పడుతుంది ఎవరికి పడదు అన్న సంగతి గాలికి పోతుంది.

నా మాట ముందే చెప్పేస్తా. ఈ పేరుని ఎవరెలా పలికినా నాకు అభ్యంతరం లేదు, మీకూ ఉండక్కర్లేదు. ఏది కరెక్టో తేల్చడానికి గట్టి ఆధారం లేదు, ఒకవేళ తేల్చినా దానివల్ల ఎవరికీ ఒరిగేదేం లేదు. కానీ ఇదే స్కిన్‌కేర్‌లో ఒక్క అచ్చు మారితే వేరే మందు చేతికొచ్చి మొహం పొలుసులు లేచిపోయే పేర్లు కూడా ఉన్నాయి, వాటిని మాత్రం మనమంతా ఎంతో కాన్ఫిడెంట్‌గా ఒకేలా కలిపేసి పలుకుతున్నాం, అక్కడ సరిదిద్దే మనిషి ఒక్కడూ కనపడడు. నా గొడవంతా దాని గురించే, కాకపోతే అక్కడికి వెళ్లేలోపు ఈ నియాసినమైడ్ పంచాయితీ తెంపేయాలి.

ఇన్ని రకాలుగా ఎందుకంటారు అంటే చాలామంది ఠక్కున చెప్పే కారణం "ఇంగ్లీషు సరిగ్గా రాక" అని. పుట్టినప్పట్నుంచీ ఇంగ్లీషే మాట్లాడేవాళ్లు కూడా దీన్ని ఒకేలా అనరు, కాబట్టి ఆ కారణం నిలబడదు. అసలు విషయం ఏంటంటే ఇది మన చెవిలో పడి నోటికొచ్చిన మాట కాదు, కంటికి కనపడి నోటికొచ్చిన మాట. సబ్బు, నూనె, పౌడరు లాంటివి ఎవరో అంటుంటే విని నేర్చుకున్నాం, వాటిని రాయడం తర్వాతెప్పుడో వచ్చింది. నియాసినమైడ్ అలా కాదు, అది చాన్నాళ్లు డబ్బా వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఇంకో ఇరవై పేర్ల మధ్య ఇరుక్కుని ఉండేది, దాన్ని పైకి చదవాల్సిన అవసరం తయారుచేసేవాళ్లకీ డాక్టర్లకీ తప్ప ఎవరికీ ఉండేది కాదు. తర్వాత అదే పేరు పక్కన పర్సెంటేజీ తగిలించుకుని డబ్బా ముందుకొచ్చేసింది. అప్పటిదాకా కళ్లతో దాటేసిన మాటని బోలెడంతమంది ఒక్కసారిగా నోటితో అనాల్సొచ్చింది, ఎలా అనాలో చెప్పేవాళ్లు లేరు, ఎవరికి తోచినట్టు వాళ్లు అన్నారు. ఇందులో చదువు తక్కువవడం ఎక్కడుంది, నిజానికి ఎవరైనా ఒక మాటని వింతగా పలుకుతున్నారంటే వాళ్లు దాన్ని ఎక్కడో చదివారన్నమాట.

సరే, వాదన ముదిరితే ఎవరో ఒకరు "మూలం చూడండి" అంటారు కదా, చూద్దాం. మూలం పొగాకులో ఉంది. 16వ శతాబ్దంలో పోర్చుగల్‌లో ఫ్రాన్సు రాయబారిగా ఉన్న జాన్ నికో అనే ఆయన పొగాకుని ఫ్రెంచి రాజదర్బారుకి పంపించాడు, ఆయన మీదుగానే ఆ మొక్కకి నికోటియానా అని పేరు, అందులోని పదార్థానికి నికోటిన్ అని పేరు. 19వ శతాబ్దంలో కెమిస్టులు ఆ నికోటిన్‌ని ఆక్సీకరణం చేసి ఒక ఆమ్లం తీశారు, దానికి నికోటినిక్ యాసిడ్ అని పెట్టారు. పేరు పెట్టి పక్కన పడేశారు, అది మనిషి ఒంటికి అవసరమన్న సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఇంకోపక్క పెలాగ్రా అని ఒక జబ్బు జనాన్ని చంపుతోంది. ఇటాలియన్‌లో పెల్లే అంటే చర్మం, ఆగ్రా అంటే గరుకు, కటువు. ఎండ తగిలిన చోటల్లా చర్మం ఎర్రబడి, ముదురు రంగు తిరిగి, మందంగా అయ్యి పొలుసులు లేస్తుంది, ఆపైన విరేచనాలు, మతి తప్పడం, చివరికి ప్రాణం పోవడం. ఇది అంటుకునే జబ్బు కాదు, తిండిలో ఏదో లోపం అని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు అమెరికాలో ఏళ్ల తరబడి మొత్తుకున్నాడు, ఆ లోపమేంటో తేలకుండానే 1929లో చనిపోయాడు. 1937లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో కాన్రాడ్ ఎల్వీయెమ్ అనే ఆయన, కుక్కలకి వచ్చే ఇలాంటి జబ్బుకి మందు ఆ పక్కన పడేసిన నికోటినిక్ యాసిడ్ కుటుంబమే అని చూపించాడు. (ఈయన ఇంటిపేరు స్పెల్లింగు చూసి కరెక్టుగా పలికినవాళ్లని నేనింతవరకు చూడలేదు, అది వేరే సంగతి.) మనం ఇప్పుడు మచ్చలకీ, జిడ్డుకీ రాసుకుంటున్న విటమిన్ అసలు జనానికి తెలిసిందే చర్మం పాడైపోయే జబ్బు వల్ల.

1940ల మొదట్లో అమెరికాలో దీన్ని గోధుమపిండిలో, బ్రెడ్డులో కలపడం మొదలుపెట్టారు. అక్కడ చిక్కొచ్చింది, బ్రెడ్డులో నికోటినిక్ యాసిడ్ అంటే జనం పొగాకు కలిపారనుకుంటారు కదా. అందుకని కొత్త పేరు కావాలన్నారు. నికోటినిక్‌లోంచి ని, యాసిడ్‌లోంచి యాస్, విటమిన్‌లోంచి ఇన్, ఈ ముక్కలన్నీ అతికించి నియాసిన్ చేశారు. దాని అమైడ్ రూపం, అంటే ఆ ఆమ్లానికి అమ్మోనియా చేరిన రూపం, నియాసినమైడ్. దీనికే నికోటినమైడ్ అని ఇంకో పేరు ఇప్పటికీ ఉంది, రీసెర్చ్ పేపర్లలో అదే కనిపిస్తుంది, రెండూ ఒకటే పదార్థం. ఆ పేరు చూసి ఇందులో నికోటిన్ ఉందా అని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అంటే పేరు మార్చిన కారణం ఇంకా బతికే ఉంది.

ఇప్పుడు మూలం ఎవరివైపు? నికోటినిక్‌లో మొదటి అక్షరం ని, నై కాదు. ఆ లెక్కన నియాసిన్ అనేవాళ్లే మూలానికి దగ్గర. కానీ ఆ పేరు కనిపెట్టిన దేశంలో వాళ్లు దాన్ని నై-అ-సిన్ అనే అంటారు. మూలం ఒకవైపు లాగుతోంది, వాడుక ఇంకోవైపు లాగుతోంది, ఏది చూపించి ఏది తప్పంటాం?

ఇంగ్లీషు వాళ్లకి నై ఎందుకొచ్చిందో కూడా తమాషాగానే ఉంటుంది. వాళ్ల ఐ అనే అక్షరానికి రెండు బతుకులు. దాని వెంటనే ఇంకో అచ్చు వచ్చి, ఊనిక (నొక్కి పలకడం) దానిమీదే పడితే అది మామూలుగా ఐ అవుతుంది, లయన్, డయట్, సైన్స్, జయంట్ అన్నీ అలా వచ్చినవే. ఊనిక వేరే చోట ఉంటే ఇ గా తగ్గిపోతుంది, ఇండియా, మీడియా, రేడియో చూడండి. ఇప్పుడు కొత్తమాట ఒకటి డబ్బా మీద కనపడింది, ఊనిక ఎక్కడో డబ్బా మీద రాయరు. లయన్ గుర్తొచ్చినవాళ్లు నయా అన్నారు, ఇండియా గుర్తొచ్చినవాళ్లు నియా అన్నారు. ఇద్దరూ రూలు ప్రకారమే వెళ్లారు, వేరువేరు రూళ్లు.

చివర మైడా మిడా అన్నదైతే ఇంకా పాత గొడవ, దాన్ని తీర్చడానికి ఒక పెద్ద సంస్థే పూనుకుంది. అమెరికన్ అసోసియేషన్ ఫర్ ది అడ్వాన్స్‌మెంట్ ఆఫ్ సైన్స్ వాళ్లు కమిటీ వేసి, రసాయనాల పేర్లు ఎలా రాయాలి ఎలా పలకాలి అని నిబంధనలు చేసి 1891లో ఆమోదించారు. వాటి ప్రకారం ఐడ్ అని చివరొచ్చే పేర్లన్నిటికీ ఆఖరి ఇ తీసేయాలి, ఇడ్ అని పలకాలి. క్లోరైడ్ కాదు క్లోరిడ్, ఆక్సైడ్ కాదు ఆక్సిడ్, అమైడ్ కాదు అమిడ్. కొంతమంది పాటించారు, ఎక్కువమంది పట్టించుకోలేదు, చివరికి ఐడే గెలిచింది. కాబట్టి ఎవరైనా నియాసినమిడ్ అంటే నవ్వకండి, సైంటిస్టుల కమిటీ కూర్చుని తీర్మానం చేసిన ఉచ్చారణ అది, కాకపోతే ఓడిపోయిన పార్టీ.

విటమిన్ అన్న మాట కూడా అంతే కదా. అమెరికాలో వైటమిన్, బ్రిటన్‌లో విటమిన్. 1912లో కాజిమీర్ ఫుంక్ దానికి పెట్టిన పేరులో చివర ఇ ఉండేది, ప్రాణానికి అవసరమైన అమీన్ (నైట్రోజన్ ఉన్న ఒక రకం పదార్థం) అని ఆయన ఉద్దేశం. ఇవన్నీ అమీన్లు కావని తేలాక 1920లో జాక్ డ్రమండ్ ఆ ఇ తీసేద్దామన్నాడు, తీసేశారు. కెమిస్ట్రీలో అచ్చు ఒక్కటి తీసేయడానికి, ఉంచడానికి అర్థం ఉంటుంది అన్నది ఇక్కడ గమనించండి, నాకు దీంతో తర్వాత పనుంది.

ఇక మన వైపుకి వద్దాం. మన నోటికి రెండు అచ్చులు పక్కపక్కన ఆనవు. మా అమ్మ అని గబుక్కున అంటే మాయమ్మ అవుతుంది, బళ్లో యడాగమం అని చదువుకున్నాం, అదే. నై పక్కన అ వస్తే మధ్యలో య దానంతటదే దూరుతుంది, ని పక్కన ఆ వచ్చినా అంతే. ఇక రెండోది, ఇంగ్లీషులో ఊనిక లేని అచ్చులన్నీ మూలుగులా నలిగిపోతాయి, నియాసినమైడ్‌లో రెండు ఎ లు అలా నలిగిపోయినవే. తెలుగులో ఆ నలిగిన అచ్చుకి అక్షరం లేదు, మనం రాయాలంటే అ అయినా పెట్టాలి, ఆ అయినా పెట్టాలి, ఏదో ఒకటి తేల్చుకోవాలి. అందుకే ఒకరు నయసినమైడ్, ఇంకొకరు నయాసినామైడ్. ఇంగ్లీషులో అది రెండిటికీ మధ్యలో ఎక్కడో ఉంది, మన అక్షరాలు మధ్యలో ఆగనివ్వవు. వాళ్లు అనేదానికి దగ్గరగా రాయాలంటే నయసినమైడ్ అనుకోండి. నేనైతే నియాసినమైడ్ అనే రాస్తున్నా, అలవాటు, అంతకుమించి కారణం లేదు.

మాయిశ్చరైజర్ సంగతి మాత్రం వదలబుద్ధి కావట్లేదు. దీన్ని మాయిస్చరైజర్ అనాలని, శ్చ అనేది మనవాళ్ల మొరటుతనమని ఒక అభిప్రాయం ఉంది. ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే స్ అనే ఉంటుంది, నిజమే. కానీ ఇంగ్లీషువాళ్లు మామూలు వేగంతో మాట్లాడుతుంటే చెవిపెట్టి వినండి, చాలామంది నోట్లో ఆ స్ వెనకొచ్చే చ్ వల్ల మెత్తబడి శ్ వైపు జరిగిపోతుంది. నాలుక చ కోసం ముందే సర్దుకుంటుంది, దానికి భాషతో పనిలేదు. మనకైతే దానికి పేరు కూడా ఉంది, శ్చుత్వ సంధి. స కి చ తగిలితే శ అవుతుంది, నిస్ పక్కన చింత వస్తే నిశ్చింత, నిస్ పక్కన చలం వస్తే నిశ్చలం. పరీక్షల కోసం బట్టీపట్టిన సూత్రం, మార్కులు వచ్చాక మర్చిపోయాం, కానీ నోరు మర్చిపోలేదు. మాయిస్ పక్కన చర్ వచ్చింది, ఆశ్చర్యం, పశ్చిమం అలవాటైన నోరు మాయిశ్చర్ అంది. ఇందులో మొరటుతనం ఎక్కడుంది, రెండువేల ఏళ్ల కిందటి వ్యాకరణవేత్తలు రాసిపెట్టిన పనే నాలుక చేసింది.

హయలురోనిక్ యాసిడ్, హైలురోనిక్, హ్యాలురానిక్, ఇది కూడా అదే జాతి, రెండు అచ్చుల తగవు. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని గాజులాంటి జెల్లీలోంచి తీశారు, గ్రీకులో గాజుకి ఉన్న మాటని పేరులో పెట్టారు. సాలిసిలిక్‌ని సాలిసైలిక్ అన్నా అంతే, కొంపేం మునగదు.

కొంపలు మునిగేది ఎక్కడంటే, పలకడానికి సిగ్గుపడి పొడి అక్షరాల్లోకి పారిపోయినప్పుడు. సాలిసిలిక్ యాసిడ్ అనడం కష్టమని బీహెచ్‌ఏ అంటాం, బీటా హైడ్రాక్సీ యాసిడ్ అని. కానీ డబ్బా వెనక పదార్థాల జాబితాలో బీహెచ్‌ఏ అని ఉంటే అది సాలిసిలిక్ కాదు, బ్యుటిలేటెడ్ హైడ్రాక్సీ అనిసోల్ అనే ఇంకో పదార్థం, సరుకు ముక్కిపోకుండా కలిపేది. మొటిమలకి బీహెచ్‌ఏ ఉన్నది వెతుక్కోమని చెప్తే, పాపం నిజంగానే వెనక జాబితాలో వెతికినవాళ్లకి దొరికేది అదీ. సాలిసైలిక్ అని తప్పుగా పలికి ఉంటే దొరికేదే సరైన డబ్బా.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, ఇన్ని పేర్లకి ఎక్కడో ఒక అధికారం ఉండదా, వాళ్లు చెప్పరా అని. ఉంది. కాస్మెటిక్స్ పదార్థాలకి ఐఎన్‌సీఐ అని అంతర్జాతీయ పేర్ల పట్టిక ఉంది, వెనక జాబితాలో నీళ్లని ఆక్వా అని రాసేది దాని ప్రకారమే. అది ఎలా రాయాలో చెప్తుంది, ఎలా పలకాలో చెప్పదు. మందులకైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950ల నుంచీ అంతర్జాతీయ పేర్లు పెడుతోంది, ఆ పేర్లలో పీహెచ్ బదులు ఎఫ్, టీహెచ్ బదులు టీ, వై బదులు ఐ వాడమని పద్ధతి పెట్టుకున్నారు, రకరకాల భాషల నోళ్లకి వీలుగా ఉండాలని. అంటే వాళ్లు మన నోళ్లని మార్చమనలేదు, పేర్లనే నోళ్లకి తగ్గట్టు మార్చారు. కంపెనీ పేర్లు వేరే లెక్క లెండి, లా రోష్ పోజే వాళ్లు తమ పేరు అలాగే అనమంటే అలాగే అనడం మర్యాద, అది మనిషి పేరు లాంటిది. పదార్థం పేరు మీద ఎవరికీ అలాంటి హక్కు లేదు.

ఇప్పుడు రెటినాల్, అంటే మొహానికి రాసుకునే విటమిన్ ఎ.

మా చిన్నాన్న కూతురు ఒకరోజు వాయిస్ మెసేజ్ పెట్టింది, "అక్కా, మా ఫ్రెండు రెటినాల్ వాడమంది, 0.1 అంటే తక్కువే కదా అని తీసుకున్నా, ముక్కు పక్కన, గడ్డం దగ్గర మండిపోతోంది, పొట్టు లేస్తోంది" అని. డబ్బా ఫొటో పెట్టమన్నా. పెట్టింది. దాని మీద పేరులో చివరి నుంచి రెండో అక్షరం ఓ కాదు, ఎ. అది రెటినాల్ కాదు, రెటినాల్. చూశారా, ఇప్పుడు నేను రాసిన ఆ వాక్యం అర్థం లేకుండా పోయింది, తెలుగులో రెండిటినీ ఒకేలా రాస్తాం కాబట్టి! ఆ ఫ్రెండు చెప్పింది ఒకటి, ఇది కొన్నది ఒకటి, ఇద్దరూ పలికింది మాత్రం ఒక్కటే మాట, ఇద్దరిలో ఎవరూ తప్పు పలకలేదు.

రెండిటికీ తేడా ఏంటంటే, ఒకటి విటమిన్ ఎ ఆల్కహాల్ రూపం, పేరు చివర ఓఎల్ ఉంటుంది. రెండోది దాని ఆల్డిహైడ్ రూపం, పేరు చివర ఏఎల్ ఉంటుంది. కెమిస్ట్రీలో ఈ చివరి అచ్చు అలంకారం కాదు, మొత్తం సమాచారం దాన్లోనే ఉంది. చర్మంలోకి వెళ్లాక ఆల్కహాల్ రూపం ముందు ఆల్డిహైడ్ అవ్వాలి, ఆ ఆల్డిహైడ్ మళ్లీ రెటినోయిక్ యాసిడ్ అవ్వాలి, చర్మకణాల మీద పనిచేసేది ఆ ఆఖరిదే. అంటే మొదటిది రెండు మెట్లు దూరంలో ఉంది, రెండోది ఒక్క మెట్టు దూరంలో ఉంది. అందుకే మొదటిది 1 శాతం దాకా కూడా దొరుకుతుంటే, రెండోది సాధారణంగా 0.05, 0.1 దగ్గర ఉంటుంది. ఒకదాని అంకెని ఇంకోదానికి పెట్టి చూస్తే 0.1 చాలా తక్కువగా కనపడుతుంది, మా చెల్లికి అలాగే కనపడింది.

నియాసినమైడ్‌లో ని అన్నా నై అన్నా ప్రపంచంలో ఇంకే పదార్థమూ ఆ పేరుతో లేదు, కాబట్టి ఎలా అన్నా మాట చేరాల్సిన చోటికి చేరుతుంది. ఇక్కడ ఓ కి బదులు ఆ అంటే మాట వేరే డబ్బా దగ్గరికి చేరుతుంది. ఉచ్చారణ గురించి పట్టుబట్టడానికి ఒకే ఒక్క మంచి కారణం ఉందంటే అది ఇదే, మిగతావన్నీ దర్జా కోసం. మరి పట్టుబట్టేవాళ్లందరూ నియాసినమైడ్ దగ్గర ఎందుకు గుమిగూడారు? అక్కడ సరిదిద్దడం తేలిక, తెలిసినట్టు కనిపించడమూ తేలిక, డబ్బా వెనక చదవక్కర్లేదు.

దీనికి మూలం కొంత సైన్సువాళ్లలోనూ ఉంది. ఈ ఆల్డిహైడ్‌ని 1930లలో జార్జ్ వాల్డ్ కంటి రెటీనాలో కనిపెట్టాడు, చూపు ఎలా పనిచేస్తుందో తేల్చినందుకు 1967లో నోబెల్ పంచుకున్నవాళ్లలో ఆయనొకడు. ఆయన దానికి పెట్టిన పేరు రెటినీన్. తర్వాత అది విటమిన్ ఎ ఆల్డిహైడ్ అని తేలింది, పద్ధతి ప్రకారం ఏఎల్ చివరొచ్చేలా పేరు మార్చారు. కాగితం మీద శుభ్రంగా ఉంది, నోట్లో పడేసరికి కవల పిల్లలు. పైగా ఇంగ్లీషులో రెటీనాకి సంబంధించిన అనే అర్థంలో అవే అక్షరాలతో ఇంకో మాట ముందే ఉంది. రెటినీన్ అనే ఉంచేసి ఉంటే ఈ వ్యాసంలో సగం అవసరం ఉండేది కాదు.

వైద్యంలో ఇలాంటి కవల పేర్లని సీరియస్‌గానే తీసుకుంటారు. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2001లో కొన్ని మందుల పేర్లు తేడాగా కనపడేలా చేయమని తయారీదార్లని అడిగింది, ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి జంటల్లో తేడా ఉన్న ముక్కని మాత్రం పెద్ద అక్షరాల్లో రాయడం అలా అలవాటైంది. చూడగానే కన్ను అక్కడ ఆగాలని. మనకి పెద్దబడి చిన్నబడి అక్షరాలు లేవు, ఆ కిటుకు మనకి పనికిరాదు. కానీ వాళ్లకి లేనివి మనకున్నాయి, దీర్ఘాలు, ఓత్వాలు. అ వేరు, ఆ వేరు, ఓ వేరు, ఎవరూ ఒకటి రాసి ఇంకోటి చదవలేరు. ఇంత సౌకర్యం చేతిలో పెట్టుకుని రెండు వేరువేరు పదార్థాలకి ఒకే రాత రాసుకుంటున్నాం.

కాబట్టి నా ప్రతిపాదన. ఓఎల్ ఉన్నదాన్ని రెటినోల్ అందాం, ఓ తో. ఏఎల్ ఉన్నదాన్ని పూర్తి పేరుతో రెటినాల్డిహైడ్ అందాం, పొడుగే, అయినా ఆ పొడుగే మనల్ని కాపాడుతుంది. రెటినాల్ అనే రాతని అసలు వాడకపోతే ఇంకా మంచిది, అది ఎటైనా తిరుగుతుంది. ఈ వ్యాసం పేరులో నేనే వాడాను, మీ అందరికీ అలవాటైన మాట అదే కాబట్టి, లేకపోతే దేని గురించో తెలియదు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఆల్కహాల్, మెంథాల్, ఫినాల్, పారాసిటమాల్, అన్నిచోట్లా ఓఎల్ అంటే తెలుగులో ఆల్ అనే రాస్తాం, ఇదొక్కటి ఓల్ అంటే ఎబ్బెట్టుగా ఉండదా? ఉంటుంది, కొన్నాళ్లు. పెట్రోల్ అంటున్నాం కదా, పెట్రాల్ అనట్లేదు, అక్కడ ఎబ్బెట్టు లేదు. పారాసిటమాల్‌కి పారాసిటమల్ అనే తోబుట్టువు ఉండి ఉంటే దానికీ ఇదే చెప్పేదాన్ని. ఇంగ్లీషు నిఘంటువుల్లో రెటినోల్ అనే ఉచ్చారణ ఉన్నదే, నేను కనిపెట్టింది కాదు. అయినా అది నిఘంటువులో ఉందా లేదా అన్నది నాకు రెండో సంగతి, కౌంటర్ దగ్గర నిలబడి అడిగినప్పుడు సరైన డబ్బా వస్తుందా లేదా అన్నది మొదటిది.

ఇదే విటమిన్ ఎ కుటుంబంలోని మందులు ట్రెటినోయిన్, ఐసోట్రెటినోయిన్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ట్రెటినోయిన్‌ని ట్రెటినాయిన్ అనండి, ట్రెటినోఇన్ అనండి, ఇబ్బంది లేదు. ముందు ఐసో ఉందా లేదా అన్నదే లెక్క. మొదటిది మొటిమలకి సాధారణంగా పైన రాసుకునేది, రెండోది ఎక్కువగా మింగే మాత్ర, గర్భంతో ఉన్నప్పుడు వాడితే బిడ్డకి తీవ్రమైన లోపాలొచ్చే మందు, అందుకే డాక్టరు అజమాయిషీ లేకుండా ముట్టుకోకూడదు. మాట్లాడేటప్పుడు మొదటి రెండు అక్షరాలు మింగేసి చివరి ముక్క మాత్రం స్టైల్‌గా పలికేవాళ్లని చూశాను. ఇక్కడ మింగాల్సింది ఏదైనా ఉంటే అది చివరి ముక్క.

రెటినైల్ పామిటేట్ అని ఇంకోటుంది, ఈ కుటుంబంలో అందరికంటే నెమ్మదస్తురాలు, ఆ మెట్ల లెక్కలో ఇంకా వెనక ఉంటుంది. యూరోపియన్ యూనియన్ 2024లో పెట్టిన పరిమితుల్లో రెటినోల్‌తో పాటు దీని పేరూ ఉంది, ఒంటికి రాసే లోషన్లలో 0.05 శాతం, మొహం క్రీముల్లాంటి వాటిలో 0.3 శాతం, రెటినోల్ లెక్కలోకి మార్చి చూసినప్పుడు. దీన్ని కొందరు రెటినిల్ అంటారు, కొందరు రెటినైల్ అంటారు, మొన్నెవరో రెటినీల్ అన్నారు. వెనక పామిటేట్ అని ఉంటుంది కాబట్టి ఎలాగైనా అనుకోవచ్చు.